బండి ఒప్పుకోవాలి గదా

ఆ ఆదివారం మధ్యాహ్నం పెద్దమ్మ వాళ్ళ రేకుల షెడ్డులో ఉన్నవి ఇవి. ఒక పాత పెట్రోలు జీపు. నేను నరసరావుపేట నుంచి బైకు వెనక కట్టుకొచ్చిన బ్యాటరీ, నిండుగా ఛార్జి చేసింది. స్పానర్ల సంచి. మల్టీమీటరు. గోడవార మిరపకాయల బస్తాలు, వాటి మీద నిద్రపోతున్న పిల్లి. ఉన్నవాళ్ళు నలుగురు: పెద్దమ్మ, ఆమె మరిది, జీపు కొనడానికి సత్తెనపల్లి నుంచి వచ్చిన మనిషి, నేను.

లేనివాడు జీపు యజమాని. ఆయన పోయి నెల దాటింది.

ఆయన నాకు చుట్టం కాదు. మాది గురజాల నుంచి నడికుడి వెళ్ళే దారిలో ఒక ఊరు. ఆయనది మా ఎదురిల్లు. మా ఊళ్ళో ఎదురింటి మనిషికి కూడా ఏదో ఒక వరస ఉండాలి కాబట్టి పెదనాన్న అయ్యాడు. జీపును కిరాయికి తిప్పేవాడు. పెళ్ళిళ్ళకు, ఆసుపత్రికి, కోర్టు వాయిదాలకు, ఆదివారాలు పాస్టరు గారిని పక్క ఊరి ఆరాధనకు దింపడానికి.

నేను తెచ్చిన బ్యాటరీ బిగించాక సత్తెనపల్లి మనిషి సీట్లో కూర్చుని తాళం తిప్పాడు. స్టార్టరు హుషారుగా పనిచేసింది. ఇంజను గిర్రు గిర్రుమని తిరిగింది, తిరిగింది, అంటుకోలేదు.

తాళం తిప్పినా చప్పుడే లేకపోతే అది ఒక జబ్బు. ఇంజను తిరుగుతూ అంటుకోకపోతే అది ఇంకో జబ్బు. మా ఊళ్ళో రెండింటికీ ‘బండి రావట్లా’ అనే అంటారు. నేను ఆటోమొబైల్ డిప్లొమా చదివి నరసరావుపేటలో ఒక వర్క్‌షాపులో పనిచేస్తున్నాను. ఈ రెండో జబ్బుకు మాకు ఒక వరస నేర్పారు. పెట్రోలు వస్తోందా, స్పార్క్ వస్తోందా, గాలి అందుతోందా. ఈ మూడూ వరసగా చూసుకుంటూ పోతే ఏ పాత ఇంజనైనా ఎక్కడో ఒకచోట దొరికిపోతుంది.

“లోపల పోయుంటదబ్బాయ్,” అన్నాడు సత్తెనపల్లి మనిషి దిగుతూ. “లారీ మీద ఎక్కించుకుపోతాలే.”

“ఎట్టా తీసుకుపోయినా మీ ఇష్టం. ముందు ఇది ఎందుకు రాలేదో తేలాలి,” అంది పెద్దమ్మ.

తర్వాత నన్ను నీళ్ళ తొట్టి దగ్గరికి పిలిచింది. “నిన్ను పిలిపించింది బండి బాగుచేసి అమ్ముదామని కాదురా. ఆ పొద్దున ఎందుకు రాలేదో నాకు తెలవాలి. కనిపెడితే చెప్పు. కనిపెట్టలేకపోతే లేదని చెప్పు. మధ్యలో ఇంకేం చెప్పమాక.”

ఆ పొద్దున జరిగింది ఊరందరికీ తెలుసు. పెదనాన్న పళ్ళు తోముకుంటూ గుండె పట్టుకుని కూలబడ్డాడు. అంబులెన్సుకు ఫోన్ చెయ్యమని ఎవరో అంటే, ఇంట్లో బండి పెట్టుకుని ఇంకో బండి కోసం ఎదురుచూడటమేంటని తమ్ముడు అన్నని ఎత్తి జీపు ముందు సీట్లో కూర్చోబెట్టాడు. తాళం తిప్పాడు. ఇంజను తిరిగింది, అంటుకోలేదు. బ్యాటరీ నీరసించేదాకా తిప్పాడు. చివరికి పొలానికి బయలుదేరిన ఎవరిదో ఆటోను ఆపి ఎక్కించారు. నడికుడి దాటకముందే ప్రాణం పోయింది.

అప్పట్నుంచీ ఆ జీపును ఎవరూ కదపలేదు.

బానెట్ ఎత్తి ప్లగ్గులు విప్పుతుంటే నాకు ఆయన చెయ్యి గుర్తొచ్చింది. ముఖం కంటే ముందు చెయ్యే. ఆయన జీపు ఎక్కడంలో ఒక పద్ధతి ఉండేది. గళ్ళ లుంగీ పైకి మడిచి, కుడికాలు ముందు పెట్టి, సీటు మీద ఒకసారి తట్టి కూర్చునేవాడు. తర్వాత కుడి భుజం కిందికి దించి, పిక్క గోక్కుంటున్నట్టు సీటు కిందికి చెయ్యి పోనిచ్చేవాడు. అప్పుడు తాళం తిప్పేవాడు. పోయిన ఏడాదంతా ఆ చెయ్యి సీటు కింద మరీ ఎక్కువసేపు ఉండేది, భుజం సన్నగా వణుకుతూ ఉండేది. వయసు మీద పడుతోందనుకున్నాను.

ఆయన గురించి చెప్పాల్సిన రెండో సంగతి, ఆయన నోట్లోంచి ‘రాను’ అనే మాట నేనెప్పుడూ వినలేదు. ‘కుదరదు’ కూడా వినలేదు. అడిగేవాళ్ళు మాట పూర్తిచెయ్యకముందే తల ఊపేవాడు. చర్చిలో పాట పాడమంటే గొంతు లేకపోయినా లేచి నిలబడేవాడు. వీధిలో ఎన్ని ఇళ్ళవాళ్ళు పిలిస్తే అన్ని ఇళ్ళలో కాఫీ తాగి, ఇంటికొచ్చి కడుపులో మంట అని పడుకునేవాడు. ఒకసారి గట్టు తగాదాలో ఇద్దరన్నదమ్ములు వేర్వేరుగా వచ్చి సాక్ష్యం చెప్పమంటే ఇద్దరికీ వస్తానన్నాడు.

“ఏందయ్యా, ఇద్దరికీ ఎట్టా చెప్తావు?” అని పెద్దమ్మ వీధి గుమ్మంలో నిలబడి అడగడం నాకు బాగా గుర్తు.

“ఆరోజుకి చూద్దాంలేవే.”

ఆరోజు జీపు స్టార్ట్ కాలేదు. గురజాల కోర్టులో ఇద్దరికీ సాక్షి లేడు.

అలాంటప్పుడు ఆయన చేసే పని ఒకటే. ఇంజను గిర్రున తిరుగుతుంటే చెవి ఒగ్గి వినేవాడు. తాళం వదిలేవాడు. స్టీరింగు మీంచి రెండు అరచేతులూ పైకెత్తి జీపు టాపు వంక చూసి అనేవాడు. “నాదేముంది నాయనా, నేను వస్తా. బండి ఒప్పుకోవాలి గదా.”

ఈ మాట ఊళ్ళో ఎంత పాకిందంటే, పెళ్ళిచూపులు కుదరకపోతే కూడా ‘బండి ఒప్పుకోలేదంట’ అనేవాళ్ళు.

ఒక చిన్న సంగతి చెప్తాను. నేను డిప్లొమా రెండో సంవత్సరంలో ఉండగా పక్క ఊళ్ళో వాలీబాల్ ఆడి ఓడిపోయాం. ఓడిపోయినందుకు కాదు, వాళ్ళు వెక్కిరించినందుకు మావాళ్ళకు మండింది. సాయంత్రం ఎనిమిదిమంది కర్రలు పట్టుకుని పెదనాన్న గుమ్మం ముందు నిలబడ్డారు. అందులో నేనూ ఉన్నాను.

“పెదనాన్నా, జీపు తియ్యి. పోవాలి.”

“పోదాం పదండ్రా.”

“ఎందుకని అడగవేంది?”

“అడిగితే ఆగుతారా ఏంది? ఎక్కండి, ఎక్కండి. కర్రలు లోపల పెట్టండి, కళ్ళల్లో పొడుచుకునేరు.”

కర్రలు లోపల పెట్టి ఎక్కాం. భుజం దించాడు, తాళం తిప్పాడు. గిర్రు గిర్రు గిర్రు. అరచేతులు పైకెత్తాడు.

“ఇదేంది పెదనాన్నా, ఇప్పుడే ఇట్టా చేసింది!”

“పొద్దున బాగానే ఉంది గదరా. దిగి తోస్తే అంటుకోవచ్చు.”

దిగి తోశాం. వాటర్ ట్యాంకు దాకా ఎత్తు. అక్కడి నుంచి బడి దాకా పల్లం. మళ్ళీ ఎత్తు. ఆయన స్టీరింగు పట్టుకుని తల బయటపెట్టి మమ్మల్ని ఉత్సాహపరుస్తూనే ఉన్నాడు. “ఆ, ఆ, ఇంకొంచెం! ఇంకొక్క ఊపు! అంటుకునేదే, ఆపారు గదరా! అన్నం తిన్లా మీరు?” రెండోసారి వాటర్ ట్యాంకు దగ్గరికి వచ్చేసరికి ఒకడు రోడ్డు మీద చతికిలబడ్డాడు. ఇంకొకడికి వాంతయింది. మూడోవాడు నవ్వడం మొదలుపెట్టాడు, అది అందరికీ అంటుకుంది. చివరికి జీపును షెడ్డులోకి కూడా మేమే తోశాం. కర్రలు అందులోనే ఉండిపోయాయి. వాటితో పెద్దమ్మ బీరపాదుకు పందిరి వేసింది.

మర్నాడు పొద్దున అదే జీపు ఒక్క తిప్పుకు అంటుకుని గురజాల వెళ్ళింది. అంతసేపు తోసినా ఒక్కసారి కూడా దగ్గని ఇంజను, రాత్రికి రాత్రి దానంతటదే ఎలా బాగుపడిందో నాకు అర్థం కాలేదు. చదువుకున్న పుస్తకంలో ఆ జబ్బు లేదు.

ఆ జీపు ఆగిన ప్రతిసారీ మంచే జరిగిందని రాయను. మా బడిలో లెక్కల టీచరమ్మ ఉండేది. పిల్లలకు ఆవిడంటే ప్రాణం. ఆవిడ బదిలీ కౌన్సెలింగుకు నరసరావుపేట వెళ్ళాల్సిన రోజున జీపు రాలేదు. బస్సు ఎక్కడానికి రోడ్డు దాకా పరుగెత్తింది గానీ అందలేదు. ఆవిడ సొంత ఊరి దగ్గర ఖాళీగా ఉన్న బడిని ఇంకెవరో కోరుకున్నారు. ఆవిడ మా ఊళ్ళోనే ఉండిపోయింది, పిల్లలు సంతోషించారు. ఆవిడ మటుకు పెదనాన్న ఎదురొస్తే తల తిప్పుకునేది. ఆ తర్వాత ప్రతి శనివారం సాయంత్రం ఆవిడను బస్సు దాకా దింపడానికి ఆయన జీపు తీసుకుని బడి ముందు నిలబడేవాడు. ఆవిడ ఎక్కకుండా నడిచి వెళ్ళేది. ఆయన జీపును ఆవిడ వెనకాలే మెల్లగా నడిపించుకుంటూ రోడ్డు దాకా వెళ్ళి, బస్సు ఎక్కిందాకా చూసి వెనక్కి వచ్చేవాడు. ఆ శనివారాల్లో జీపు ఒక్కసారి కూడా మొరాయించలేదు.

మూడో సంగతి నాది. చదువు అయిపోయాక హైదరాబాదులో ట్రైనింగు వచ్చింది. నాన్న వద్దన్నాడు. మాటా మాటా పెరిగింది. ఆయన ఒకటి అన్నాడు, నేను అంతకంటే పెద్దది అన్నాను. అన్నం ముందు నుంచి లేచి, బ్యాగు సర్దుకుని, అమ్మకు కూడా చెప్పకుండా వీధి దాటి ఎదురింటికి వెళ్ళాను.

“పెదనాన్నా, నడికుడి స్టేషన్లో దింపు. మళ్ళీ ఈ ఊరు రాను.”

“ఎక్కు నాయనా,” అన్నాడు.

రాలేదు. ఈసారి ఊరుకోలేదు నేను. బానెట్ ఎత్తాను. ఒక ప్లగ్గు విప్పి చూస్తే తడిగా ఉంది, పెట్రోలు వాసన. అంటే పెట్రోలు వస్తోంది. ఇక స్పార్క్ చూడాలి. ప్లగ్గును వైరుకు తగిలించి ఇంజను ఇనుముకు ఆనించబోతుంటే ఆయన దిగి వచ్చాడు. నా చేతిలోంచి ప్లగ్గు తీసుకుని, లుంగీకి తుడిచి, చొక్కా జేబులో వేసుకున్నాడు.

“నీ చదువు కొత్త బండ్లకి దాచుకో అబ్బాయ్. దీనికి ఆపరేషన్ చెయ్యమాక.”

“రైలు పోద్ది పెదనాన్నా!”

“పోద్ది. రేపు ఇంకోటి వచ్చిద్ది. అన్నం తిన్నావా?”

నాకు ఏడుపొచ్చినంత పనయింది. రైలు పోతుందని కాదు. మూడేళ్ళు చదివిన చదువును ఆయన జేబులో వేసుకున్నట్టు అనిపించింది. పెద్దమ్మ గోంగూర పచ్చడితో అన్నం పెట్టింది. తింటుంటే నాన్న వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. నా బ్యాగు తీసుకుని ఇంటికి నడిచాడు. మర్నాడు ఆయనే ఆ బ్యాగు ఒళ్ళో పెట్టుకుని జీపు వెనక సీట్లో కూర్చున్నాడు. పెదనాన్న ప్లగ్గు జేబులోంచి తీసి తనే బిగించాడు. ఒక్క తిప్పు. వచ్చింది.

పెట్రోలు ఉంది. గాలి సంగతి తర్వాత. స్పార్క్ దగ్గర మాత్రం నా మనసులో ఒక ఖాళీ మిగిలిపోయింది. ఆ తర్వాత సెలవుకు వచ్చినప్పుడల్లా అడిగేవాణ్ణి, ఒకసారి బానెట్ తియ్యనా అని. వెండి కుంకుమబరిణె దాచుకున్నట్టు దాచుకునేవాడు ఆ బానెట్‌ని. మాచర్ల మెకానిక్కులను కూడా ఇంజను దాకానే రానిచ్చేవాడు, సీటు ముట్టుకోనిచ్చేవాడు కాదని తర్వాత విన్నాను.

ఆయన పోయి నెల దాటాక, ఆ ఆదివారం, ఆ ఖాళీ దగ్గరికే మళ్ళీ వచ్చాను.

ప్లగ్గు తడిగా ఉంది. దాన్ని వైరుకు తగిలించి ఇంజనుకు ఆనించి, తాళం తిప్పమన్నాను. బాబాయి, అంటే పెద్దమ్మ మరిది, తిప్పాడు. తన చెయ్యి తాళం మీద పడగానే ముఖం పక్కకు తిప్పుకున్నాడు. స్పార్క్ లేదు.

“కాయిల్ పోయుంటది,” అన్నాడు సత్తెనపల్లి మనిషి.

ప్లగ్గులకు స్పార్క్ అందించేది కాయిల్. కాయిల్‌కు తాళం నుంచి కరెంటు రావాలి. కాయిల్ బాగానే ఉందనిపించింది, రావాల్సిన కరెంటే సరిగా రావడం లేదు. వైరు పట్టుకుని వెనక్కి వెళ్ళాను. తాళం నుంచి తిన్నగా రావాల్సిన వైరు కిందికి దిగింది. నేల రేకులో చిన్న రంధ్రం. దానిలోంచి డ్రైవరు సీటు కిందికి. చేత్తో చుట్టిన నల్ల టేపు, దాని మీద ఏళ్ళనాటి దుమ్ము. చెయ్యి లోపలికి పోనిచ్చాను. పోనివ్వడానికి కుడి భుజం దించాల్సి వచ్చింది.

వేళ్ళకు చిన్న మీట తగిలింది. ఒక స్విచ్.

తలెత్తేసరికి పెద్దమ్మ నా వంకే చూస్తోంది.

“అబ్బాయ్,” అంది మరిదితో, “ఆయన్ని లోపలికి తీసుకుపోయి టీ ఇయ్యి. నువ్వు గూడా తాగు. పొద్దుట్నుంచీ నిలబడే ఉన్నావు.”

వాళ్ళు లోపలికి వెళ్ళాక దగ్గరికి వచ్చింది. “దొరికిందా?”

“దొంగ స్విచ్ పెద్దమ్మా. బండి ఎవరూ ఎత్తుకుపోకుండా పెట్టేవాళ్ళు పాత బండ్లకి. ఇది ఆపేస్తే ఇంజను తిరుగుతుంది గానీ స్పార్క్ రాదు.”

“తెలుసు. ముందు ఓనరు పెట్టించాడు. పైకుందా, కిందికుందా?”

“పైకి.”

“అది నేనే వేశా,” అని ఆమె మిరపకాయల బస్తా మీద కూర్చుంది. పిల్లి లేచి అటు జరిగింది.

చాలా ఏళ్ళ కిందట సత్తెనపల్లిలో ఆమె చెల్లెలి కూతురికి పెళ్ళి మాటలు జరిగిన రోజున ఆమెకు తెలిసిందట. “పట్టు చీర కట్టుకుని కూర్చున్నా. బండి రాలా. నీకు తెలుసుగా, చేతులెత్తి ఆ మాట అన్నాడు. దిగుతుంటే నా కళ్ళజోడు సీటు కింద పడింది. చెయ్యి పెట్టి తడిమితే ఇది తగిలింది. ఇదేందయ్యా అంటే నవ్వుతాడు. మా చెల్లెలి మొగుడితో మాటల్లేవంట ఆయనకి, అక్కడికి రావటం ఇష్టం లేదంట. రానని నోటితో చెప్పొచ్చుగా, నాకెందుకీ నాటకం అన్నా.”

“ఏమన్నాడు?”

“‘రానంటే మొహం చిన్నబుచ్చుకుంటారే. బండి రాలేదంటే ఎవురూ ఏమనుకోరు’ అన్నాడు. పెళ్ళాన్ని నాకు గూడానా? ఆ వారమంతా మాట్లాడలా నేను. తర్వాత ఎట్టాగో చెప్పాడు. పైకి వేస్తే వచ్చిద్ది, కిందికి వేస్తే రాదు, బండి పెట్టినప్పుడు కిందికే వేసుంచుతా, ఎవురికీ చెప్పమాకే అని. చెప్పలా. తోడబుట్టినోడికి గూడా చెప్పలా.”

నా రైలు, వాలీబాల్ కర్రలు, టీచరమ్మ, ఇద్దరన్నదమ్ముల సాక్ష్యం ఒకదాని వెనక ఒకటి వచ్చి నిలబడ్డాయి. వాటిలో ఎన్ని ప్రేమతో ఆగాయో, ఎన్ని మొహమాటంతో ఆగాయో, ఎన్ని ఆదివారం మధ్యాహ్నపు నిద్ర కోసం ఆగాయో విడదీయడం నా వల్ల కాలేదు. ఆయన వల్ల కూడా అయ్యేది కాదేమో.

“ఆ పొద్దున నేను పరిగెత్తుకొచ్చి పైకి వేశా,” అంది పెద్దమ్మ. “మరిది తిప్పాడు. రాలా. అప్పట్నుంచి ఒకటే ఆలోచన. పైకనే అన్నాడా? ఎప్పటి మాటో. కిందికి వేస్తే వచ్చిద్దన్నాడేమో. నేను తిరగేసి గుర్తు పెట్టుకున్నానేమో.”

“రెండోవైపు వేసి చూడలేదా?”

“బుర్రకి తోస్తేగా! ఆయన పక్క సీట్లో ఉండి చెయ్యి ఊపుతున్నాడు. మాట రావట్లా. ఇట్టా, ఇట్టా అని వేళ్ళు ఊపుతున్నాడు. వద్దంటున్నాడు, ఆసుపత్రికి వద్దంటున్నాడని మరిది ఏడుస్తా తిప్పుతున్నాడు. నేను ఆయన చెయ్యి పట్టుకుని కిందికి దించేశా.” ఆమె తన చేతుల వంక చూసుకుంది. “వాడేమో తన చేతిలో ఏదో లోపం ఉందనుకుంటున్నాడు. చోకు సరిగ్గా లాగలేదేమోనని రోజూ అంటాడు. నా చేతిలో ఉందని నాకు తెలుసు. చెప్పలేక చస్తన్నా.”

స్విచ్‌ను పక్కకు తప్పించి చూడటం మొదటి పని. దాని రెండు వైపుల వైర్లనూ ఒకదానికొకటి కలిపాను. విప్పిన ప్లగ్గులు మళ్ళీ బిగించాను. తాళం తిప్పాను.

ఒక్క తిప్పు. అంటుకుంది. నెల రోజుల దుమ్ము పొగతో కలిసి షెడ్డంతా నిండింది. పిల్లి పారిపోయింది. లోపల్నుంచి సత్తెనపల్లి మనిషి “వచ్చిందే!” అని అరవడం వినపడింది. బాబాయి టీ గ్లాసుతో గుమ్మం దాకా వచ్చి, ఆ చప్పుడు వింటూ అక్కడే మెట్టు మీద కూర్చుండిపోయాడు.

ఇంజను అంటుకుంటే ఎప్పుడూ నాకు కలిగే సంతోషం కలగబోయింది. పెద్దమ్మ ముఖం చూసి ఆగిపోయాను.

“చూశావా,” అంది. “అది తీసేస్తే వచ్చింది. అంటే నేనే తప్పు వేశా.”

ఇంజను ఆపాను. “లేదు పెద్దమ్మా. నువ్వు సరిగ్గానే వేశావు.”

“చూశావా నువ్వు? ఏం చూసి చెప్తున్నావు?”

ఆమె ముఖం చూసి చెప్పాను.

“నా మొహం చూసి చెప్పమాక. ఈ ఇంట్లో మొహాలు చూసి చెప్పిన మాటలు చాలురా. నీకా మిషను ఉందిగా. దాన్ని అడుగు.”

కలిపిన వైర్లు విడదీసి మళ్ళీ స్విచ్‌కు బిగించాను. కాయిల్ నిజంగా కరెంటు లాగుతున్నప్పుడే లెక్క తెలుస్తుంది కాబట్టి ఇంజనును చేత్తో కొంచెం తిప్పి ఆ స్థితికి తెచ్చాను. మల్టీమీటరును ఆమెకు కనిపించేలా సీటు మీద పెట్టాను. అంకెలు చదవడానికి ఆమె కళ్ళజోడు పెట్టుకుంది.

ముందు బ్యాటరీ. “పన్నెండు పాయింట్ ఒకటి,” అని చదివింది.

“స్విచ్ దాటాక కూడా దాదాపు అంతే ఉండాలి. కనీసం తొమ్మిదో పదో ఉంటేగానీ స్పార్క్ పుట్టదు.”

తాళం ఆన్ చేసి స్విచ్ కిందికి వేశాను.

“సున్నా,” అంది.

“ఇది ఆపేసిన వైపు. నువ్వు వేసిన వైపు ఇప్పుడు వేస్తున్నా.”

పైకి వేశాను. అంకెలు కదిలి ఒకచోట ఆగాయి. ఆమె వంగి చూసింది.

“మూడు పాయింట్ ఎనిమిది. అంటే?”

“అంటే కరెంటు వెళ్ళేది ఈ వైపే. ఆయన పైకనే చెప్పాడు, నువ్వు పైకే వేశావు. లోపల స్విచ్ అరిగిపోయింది. వేసీ తీసీ, వేసీ తీసీ కరెంటును కలిపే దాని నాలుకలు కాలిపోయాయి. పన్నెండు రావాల్సిన చోట ఇంతే వస్తోంది. ఎవరు వేసినా ఇంతే.”

ఆమె కళ్ళజోడు సర్దుకుని ఆ అంకెను మళ్ళీ చదివింది. నేను ఆ స్విచ్ గురించి ఆలోచిస్తున్నాను. మార్చాలంటే టీ తాగినంతసేపు పట్టే పని. మాచర్లలో ఏ మెకానిక్కైనా చేసేవాడు. నేను చేసేవాణ్ణి. కానీ మార్చమని అడగాలంటే చూపించాలి. చూపిస్తే ఊరికి తెలుస్తుంది, ఇన్నేళ్ళూ ఒప్పుకోనిది బండి కాదని. ఎదురింట్లోనే నేను ఉన్నాను, నాకైనా చెప్పలేదు.

“నోటితో రానని అన్నిసార్లూ కాకపోయినా కొన్నిసార్లన్నా అనుంటే,” అంది పెద్దమ్మ, “ఇది ఇంత అరిగేది గాదు గదరా.”

“కాదు పెద్దమ్మా.”

“మరి మొన్నటిదాకా ఆయనకి ఎట్టా వచ్చేది?”

దానికి జవాబు నాకూ అప్పుడే తట్టింది. సీటు కింద ఎక్కువసేపు ఉండే చెయ్యి, వణికే భుజం. స్విచ్ మీట మీద రెండు వేళ్ళు పెట్టి, దాన్ని అటూ ఇటూ సన్నగా, వేగంగా ఆడించాను. మీటరులో అంకె ఎగిరింది. పదకొండు చూపించింది. ఆడిస్తున్నంతసేపూ అక్కడే ఉంది.

పెద్దమ్మ మీటరు చూడటం లేదు. నా వేళ్ళను చూస్తోంది.

“ఇట్టాగే,” అంది. “ఇట్టాగే ఊపాడురా.”

గుమ్మంలోంచి బాబాయి లేచి మా వైపు వస్తున్నాడు. ఆమె కొంగుతో ముఖం తుడుచుకుని, పక్కన చోటు చేసి, “రా అబ్బాయ్, ఇట్టా కూర్చో. నీకొకటి చెప్పాలి,” అంది.

నేను స్విచ్ మీంచి చెయ్యి తీశాను. మీటరులో అంకె దిగింది. మూడు పాయింట్ ఎనిమిది.